105 గంటలు, ఒక్క పేరు

మా అబ్బా బడికి పోలేదు. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు హమాలీగా టిక్కీలు మోశాడు. బండి మీంచి దించితే ఎంత, కాటా వేస్తే ఎంత, నెట్టు కడితే ఎంత, లారీకి ఎత్తితే ఎంత - ఏ పనికి ఏ రేటో ఆయన నోటి మీదే ఉండేది. రేటు పెంచాల్సిన టైమొస్తే సంఘం వాళ్లు వ్యాపారులతో కూర్చునేవాళ్లు. మాట కుదరకపోతే పని ఆగేది. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. ఎండలు ముదిరాక కొన్నాళ్లు యార్డే మూసేస్తారు. "కూలి తక్కువే బేటా, కానీ దానికో లెక్కుంది" అనేవాడు అబ్బా.

నేను ఆయన కూతుర్ని. బి.ఫార్మసీ చదివాను. పన్నెండేళ్లుగా మెడికల్ షాపుల్లో చేస్తున్నాను. నా పనికి రేటెంత, గంటలెన్ని, ఛుట్టీ ఎప్పుడు అని ఎవరైనా అడిగితే ఈ రోజుకీ సరైన జవాబు లేదు. అబ్బాకి ఉన్న లెక్క నాకు లేదు.

ఇది నా ఒక్కదాని శికాయత్ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మన ఇళ్లల్లో ఇప్పుడు ఫార్మసీ చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్, 2007లో వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ - ఈ రెండూ మా తరం ఆడపిల్లలకి కాలేజీ గేటు తెరిచాయి. ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఫార్మసీ. "దవాల చదువు, ఇజ్జత్ ఉన్న చదువు" అని అమ్మీలు సంబరపడ్డారు. నాలుగేళ్లు చదివి, కౌన్సిల్లో రిజిస్టర్ చేయించుకుని బయటికొచ్చాక ఆ ఇజ్జత్ ఏ దుకాణంలో దొరుకుతుందో మాత్రం మాకెవరూ చెప్పలేదు.

నేను 2013లో కొత్తపేటలో ఒక షాపులో చేరాను. గుంటూరు కొత్తపేట అంటే తెలుసు కదా. సందుకో ఆసుపత్రి, ఆసుపత్రికి రెండు మెడికల్ షాపులు. పల్నాడు నుంచి, ఒంగోలు వైపు నుంచి, బాపట్ల వైపు నుంచి జబ్బుతో బయల్దేరిన వాళ్లంతా అక్కడే దిగుతారు. నా తన్‌ఖా నెలకి ఆరు వేలు. మిర్చి కోతలకి పోయే మా పక్కింటి ఖాలాకి, నాకూ సీజన్లో పెద్ద తేడా ఉండేది కాదు. పొద్దున తొమ్మిదికి కౌంటరు ముందు నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడటమే. స్టూలు ఉండేది, కానీ అది పై ర్యాకు అందుకోవడానికి. "కూర్చుంటే బేరం పోతుందమ్మా" అనేవారు ఓనరుగారు. జొహర్ నమాజు వెనక గదిలో గ్లూకోజు సీసాల అట్టపెట్టెల మధ్య. అన్నం కూడా అక్కడే, మూడింటికో నాలుగింటికో. టాయిలెట్ లేదు. పక్క ఆసుపత్రి ఆయాని బతిమాలుకుని అక్కడికి వెళ్లేదాన్ని. అందుకే పొద్దుట్నించీ నీళ్లు తాగడం తగ్గించేశాను. షాపుకి వచ్చేవాళ్లకి "నీళ్లు బాగా తాగండి" అని చెప్పేది కూడా నేనే.

లైసెన్సు రావాలంటే షాపు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలని నిబంధన. ఇన్సులిన్ పాడవకుండా ఫ్రిజ్ ఉందా లేదా అని కూడా చూస్తారు. మంచిదే, చూడాలి. కానీ నేను పనిచేసిన ఏ షాపులోనూ తనిఖీకి వచ్చినవాళ్లు "మీరు ఎన్ని గంటల నుంచి నిలబడి ఉన్నారమ్మా?" అని అడగలేదు.

ఈ పరేషానీకి జడ ఎక్కడుందో ఒక చిన్న హిసాబ్ వేస్తే తెలిసిపోతుంది. మన ఊళ్లల్లో మెడికల్ షాపు పొద్దున ఎనిమిదికి తెరుస్తారు, రాత్రి పదకొండుకి మూస్తారు. పదిహేను గంటలు. వారానికి ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. అంటే 105 గంటలు. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా ఇవ్వాలి, లేదా ఆ మనిషి కళ్ల ముందు ఇవ్వాలి అని 1940 నాటి ఔషధాల చట్టం కింద వచ్చిన నియమాలు చెబుతాయి. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్‌దీ అదే మాట. ఇంకోవైపు మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. దాని లెక్కలో మనిషి పని మామూలుగా వారానికి 48 గంటలు. రోజువారీ గంటల్ని పదికి పెంచాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పది ప్రకారం ఏడు రోజులూ చేయించినా 70 దాటదు.

షాపు 105 గంటలు తెరిచి ఉంటుంది. మనిషికి 48 గంటలు. గోడ మీద లైసెన్సులో మాత్రం ఒక్క పేరే ఉంటుంది. ఇద్దరు ముగ్గురి పేర్లు రాయకూడదని ఏ చట్టమూ అనలేదు. అయినా ఒక్కటే రాస్తారు. అప్పుడు రెండే దారులు. ఆ ఒక్క మనిషి రెండు మనుషుల పని చెయ్యాలి, లేదంటే మిగతా గంటలు ఆ పేరు గోడ మీద వేలాడుతుంటే పదో తరగతి చదివిన పిల్లాడు గోళీలు ఇవ్వాలి. చాలా చోట్ల రెండో దారిలో ఇంకో అడుగు ముందుకి వేసేశారు. అసలు ఆ పేరు గల మనిషి ఒక్క గంట కూడా రాదు. సర్టిఫికెట్ ఒక్కటే వస్తుంది, కిరాయికి.

ఇక్కడే మన ఇళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి.

మా ఆపా వాళ్లది చిలకలూరిపేట. దుల్హేభాయ్ స్పిన్నింగ్ మిల్లులో చేసేవారు. ఇప్పుడు ఆరోగ్యం బాగోక ఇంటి దగ్గరే ఉంటున్నారు. వాళ్ల పెద్దమ్మాయి, నా భాంజీ, రెండేళ్ల కిందట బి.ఫార్మసీ పూర్తి చేసింది. రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన నెలలోనే ఒక ఏజెంటు ఇంటికొచ్చాడు. వినుకొండ వైపు ఒక పల్లెలో షాపు పెడుతున్నారట. పిల్ల రానక్కర్లేదు. కాగితాల మీద దస్తఖత్ చేసి, సర్టిఫికెట్ ఇస్తే చాలు. నెల నెలా డబ్బులు ఇంటికే వస్తాయి.

ఆపా నాకు ఫోన్ చేసింది. గొంతులో ఖుషీ తెలుస్తోంది.

"ఇంట్లో కూర్చున్న పిల్లకి అల్లా దారి చూపించాడే. దొంగతనం కాదు, లంచం కాదు. దాని మెహనత్‌తో తెచ్చుకున్న సర్టిఫికెట్. హలాలే కదా?"

"ఆపా, ఆ కాగితం మీద ఏం రాసుంటుందో చదివావా? ఈ షాపులో మందులు నా కళ్ల ముందే ఇస్తున్నారు అని నీ బిడ్డ చెప్పినట్టు. అది గవాహీ. చూడనిది చూశానని గవాహీ ఇస్తే దాన్ని ఏమంటారో నాకన్నా నీకే బాగా తెలుసు."

కాసేపు ఆపా మాట్లాడలేదు. తర్వాత ఆమె అన్న మాటే ఈ పోస్టు రాయడానికి కారణం.

"మరి నువ్వు పోతున్నావు కదా రోజూ. రాత్రి పదింటికి ఆటో దిగుతున్నావు. కాళ్ల వాపులు నేను చూడలేదా? ఉచ్చకి పోవడానికి చోటు లేని దుకాణానికి నా బిడ్డని పంపమంటావా? పంపించి ఏం తెస్తుంది, ఎనిమిది వేలు? ఇంట్లో కూర్చుంటే నాలుగు వేలు ఇస్తామంటున్నారు. నువ్వే చెప్పు, ఏది ఫాయిదా?"

ఆపాది లాలచ్ కాదు, ఫికర్. ఆమె వేసిన లెక్కలో తప్పు లేదు. కష్టమైన కౌంటరుకీ, సులువైన కిరాయికీ మధ్య తేడా నాలుగు వేలే అయితే ఏ అమ్మీ అయినా కిరాయినే కోరుకుంటుంది. అయితే ఆ కిరాయే తన్‌ఖాని కూడా కిందికి లాగుతోంది. ఇంట్లో కూర్చున్న కాగితం నాలుగు వేలకి దొరుకుతుంటే, నిలబడే మనిషికి పాతికవేలు ఎందుకిస్తారు? వంద మంది ఆపాలు తమ పిల్లల ఇజ్జత్ కోసం సర్టిఫికెట్లు కిరాయికిస్తే, నూట ఒకటో పిల్ల జీతం అక్కడే తేలిపోతుంది. ఎవరి మీదో కోపంతో రాయట్లేదు. మజ్బూరీ ఒక చోట మొదలై ఇంకొకరికి మజ్బూరీ అవుతోంది.

నుక్సాన్ మన పిల్లల జీతానికే కాదు. ఆ కౌంటరు దగ్గరికి వచ్చేది కూడా మనమే.

మన మైదానాల్లో "మందుల కొట్టు" అంటే రైతుకి ముందు గుర్తొచ్చేది పురుగుమందుల షాపు. పత్తికీ మిర్చికీ మందు కొట్టే రోజుల్లో నేను పేటలో ఒక షాపులో చేశాను. ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. వాంతులకి గోళీ ఇవ్వమన్నాడు. ఒళ్లంతా చెమట, నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, కళ్లు మసకంటున్నాడు. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. పొద్దున చేలో మందు కొట్టావా అంటే అవునన్నాడు. అది వాంతుల గోళీతో పోయేది కాదు, విషం ఒంట్లోకి ఎక్కింది. ఆటో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి పంపించాం. నేను చేసింది గొప్ప పని కాదు, కాలేజీలో చెప్పిన పాఠమే. కౌంటర్లో ఆ పాఠం చదవని పిల్లాడుంటే, పాపం అడిగిన గోళీ ఇచ్చి పంపేవాడు.

కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లు నొప్పుల గోళీలు స్ట్రిప్పులు స్ట్రిప్పులు అడుగుతారు. అటు ఫ్లోరైడ్ నీళ్లు, ఎముకల నొప్పులు. కిడ్నీ సరిగ్గా లేని మనిషి డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే ఉన్న కిడ్నీ కూడా పోతుంది. "కిడ్నీ టెస్టు ఎప్పుడైనా చేయించుకున్నారా బాబాయ్?" అని అడగడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషానికి బిల్లులో గడి లేదు.

రంజాన్ సంగతి మీకు చెప్పాలా? షుగరున్న నానీలు, దాదాలు రోజా వదలరు. గ్లిమెపిరైడ్ లాంటి గోళీ పొద్దున సహరీకి వేసుకుని రోజంతా ఖాళీ కడుపుతో ఉంటే, అసర్ వేళకి షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. రంజాన్ రాకముందే డాక్టరుని అడిగి మందు వేళ, మోతాదు మార్పించుకోవాలి, షుగరు మరీ తగ్గితే రోజా విప్పేయాలి అని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీ మీద గీతలు చదివి ఆ తేడా పట్టుకోవాల్సిన కళ్లు పదమూడో గంటలో ఎలా ఉంటాయో ఆలోచించండి. అలసిన ఫార్మసిస్టు గలతీ ఫార్మసిస్టు ఇంట్లో బయటపడదు. మందు తీసుకెళ్లినవాళ్ల ఇంట్లో బయటపడుతుంది.

ఈ మాట మనమే అనట్లేదు. అమెరికాలో 2023 సెప్టెంబరులో కాన్సస్ సిటీలో సీవీఎస్ షాపుల ఫార్మసిస్టులు పనికి రావడం మానేశారు. తర్వాతి నెల వాల్‌గ్రీన్స్ వాళ్లు అదే బాట పట్టారు. వాళ్ల గొడవ ప్రధానంగా జీతం గురించి కాదు. చేతులు చాలట్లేదు, ఇంత తొందరలో మందులిస్తే జనానికి ప్రమాదం అని. మన దేశంలో 2022 నవంబరులో బీహార్ కేసులో సుప్రీంకోర్టు కూడా, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు లేకుండా ఆసుపత్రులు, మందుల కౌంటర్లు నడపడం జనం ప్రాణాలతో ఆడుకోవడమే అన్న అర్థంలో గట్టిగా చెప్పింది.

కూర్చునే హక్ కూడా ఎవరో దయతో ఇచ్చింది కాదు. కోళికోడ్ మిఠాయి వీధిలో బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లు విజి అనే దర్జీ ఆవిడతో కలిసి "పెణ్‌కూట్టు" అని సంఘం పెట్టుకున్నారు. వాళ్లు అడిగినవి రెండే - టాయిలెట్, కూర్చోవడానికి ఒక స్టూలు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. వాళ్లది బట్టల కౌంటరు, మనది మందుల కౌంటరు. కాళ్లు మాత్రం ఒకటే.

ఓనర్ల వైపు కూడా చూడాలి, ఇన్సాఫ్ అంటే అదే. ధర నియంత్రణలో ఉన్న మందుల మీద రిటైల్ షాపు మార్జిను 16 శాతమని 2013 ధరల ఉత్తర్వు కట్టేసింది. పక్కనే పెద్ద కంపెనీ షాపు 20 శాతం తగ్గింపు అని బోర్డు పెడుతుంది. ఫోన్లో నొక్కితే ఇంటికి మందులొస్తాయి. చిన్న షాపు ఓనరు కూడా పదిహేను గంటలు అక్కడే ఉంటాడు. రెండో ఫార్మసిస్టుని పెట్టుకోమంటే ఎక్కణ్నించి తెస్తాడు? ఇది నిజమైన ఇబ్బందే. కానీ దానికి జవాబు ఒక్క పేరు మీద 105 గంటలు నడపడం కాదు. ఇద్దరిని పెట్టుకోలేకపోతే షాపు తక్కువ గంటలు తెరవచ్చు. వీధిలో నాలుగు షాపులుంటే రాత్రిపూట వంతులవారీగా ఒక్కటే తెరిచి ఉంచుకోవచ్చు.

చిన్న షాపుల్లో ఇంకో చిక్కుంది. ఈఎస్ఐ రావాలంటే మామూలుగా పదిమంది పనివాళ్లుండాలి. పీఎఫ్‌కి ఇరవైమంది. మన షాపుల్లో ముగ్గురో నలుగురో ఉంటారు. అందరికీ మందులిచ్చే మనిషికి జ్వరమొస్తే జీతం కోత, చెయ్యి విరిగితే అప్పు. చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ కాగితం కూడా ఉండదు. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవడమే.

అబ్బా దగ్గర చదువు లేదు, సంఘం ఉంది. మా దగ్గర చదువుంది, సంఘం లేదు. ఒక్కో షాపులో ఒక్కో ఫార్మసిస్టు, ఎవరికి వాళ్లు ఒంటరి. నాకు తెలిసిన పదకొండుమందిమి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరికి ఎంత ఇస్తున్నారో మొదటిసారి ఒకరికొకరం చెప్పుకున్నాం. అందరికీ సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. ఎక్కడైనా చేరే ముందు నాలుగు అడగాలని మష్వరా చేసుకున్నాం. గంటలు కాగితం మీద రాయాలి. వారానికి ఒక రోజు సెలవు. కూర్చోవడానికి స్టూలు, వెళ్లడానికి టాయిలెట్. మేము లేని గంటల్లో మా పేరు వాడకూడదు. వీటిలో నాలుగోదే అన్నిటికన్నా కష్టంగా ఉంది, ఎందుకంటే దానికి ఓనరుతో పాటు మన ఇంటివాళ్లు కూడా ఒప్పుకోవాలి.

భాంజీ ఏజెంటుకి కాగితాలివ్వలేదు. "ఖాలా, నా పేరుతో ఎవరో తెలియని వాడు నిద్రగోళీలు అమ్మితే రిజిస్టరులో దస్తఖత్ నాదే కదా?" అని అడిగింది. అవునన్నాను. ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటి హెచ్-1 మందులకి విడిగా రిజిస్టరు రాయాలి, మూడేళ్లు దాచాలి. పోలీసులో, ఇన్‌స్పెక్టరో వస్తే ముందు అడిగేది లైసెన్సు మీద పేరున్న మనిషినే. అది విన్నాక దుల్హేభాయ్ కూడా ఇక మాట్లాడలేదు. నాలుగు నెలలు ఖాళీగానే ఉంది. ఆ నాలుగు నెలలు ఆపా నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది కూడా రాయాలి. ఇప్పుడు నరసరావుపేటలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో చేస్తోంది. ఎనిమిది గంటల షిఫ్టు, ముగ్గురు ఫార్మసిస్టులు. తన్‌ఖా పన్నెండు వేలు. చదువుకి అది చాలదు. కానీ చీకటి పడకముందే బస్సెక్కుతుంది, ఆపా ఆ గంటలకే ఒప్పుకుంది.

మన ఇళ్లకి నా అర్జీ ఇంతే. అబ్బాలూ అమ్మీలూ, పిల్ల సర్టిఫికెట్ అడుగుతూ ఎవరైనా వస్తే "సర్టిఫికెట్‌తో పాటు మా అమ్మాయి కూడా వస్తుంది, ఎక్కడ కూర్చోబెడతారు?" అని అడగండి. నిఖా మాటల్లో "ఉద్యోగం మానేసి సర్టిఫికెట్ పెట్టిద్దాం" అన్న షరతు వస్తే ఒప్పుకోకండి. మెడికల్ షాపులున్న భాయీలూ, మన వాళ్లవే ఎన్నో షాపులున్నాయి. పనివాడి కూలి గురించి జుమా బయాన్లో విన్నది దుకాణం షట్టరు దాకా తెచ్చుకోండి. మీరంతా కూడా ఈసారి మందులకి వెళ్లినప్పుడు కౌంటర్లో తెల్లకోటు, దాని మీద పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి ఉందేమో చూడండి. 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లో అది ఉంది. కనపడకపోతే మర్యాదగానే అడగండి, "ఫార్మసిస్టు ఎవరండీ?" అని. మేము "మీ చీటీ చూపించండి" అని అడుగుతాం కదా, మీరూ మా బ్యాడ్జి చూడొచ్చు.

అలా రోజుకి పదిమంది అడిగితే గోడ మీది పేరుని కౌంటరు దగ్గరికి పిలవక ఓనరుకి తప్పదు. ఆ పిల్ల వచ్చాక, ఆమెకి ఒక స్టూలు కూడా వెయ్యమని అడగండి.